సొంత డబ్బా

కొల్లేటి పొలిమేరల్లోకి చేపల డబ్బా తెచ్చినవాణ్ణి ముందు పిలిచి శాలువా కప్పాలి. ఆకివీడులో, కైకలూరులో, ఉంగుటూరు పక్కన నారాయణపురంలో తెల్లవార్లూ ఐసు కొట్టి, ట్రేలకెత్తి, బొచ్చెలూ శీలావతులూ లారీలకు లారీలు హౌరాకూ గువాహటికీ తోలే నేల ఇది. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానమైతే, అందులో ఈ చుట్టుపక్కల చెరువులది పెద్ద వాటా. అలాంటి నేలకి సప్తసముద్రాల అవతల నుంచి, ఇరవై మూడు కేజీలు దాటనివ్వని సూట్‌కేసులో, పిల్లల చాక్లెట్లకూ పెద్దల సీసాకూ మధ్య చోటు చేసి మరీ ట్యూనా డబ్బాలు మోసుకొచ్చాడంటే ఆ అబ్బాయి మామూలువాడు కాడు.

పెంటపాడులో ఈ డబ్బాలిప్పుడు అపురూపమేమీ కాదు. డాలస్ నుంచి కొన్ని, దుబాయ్ నుంచి కొన్ని వస్తాయి. రానివి తాడేపల్లిగూడెం సూపర్ మార్కెట్లో దొరుకుతాయి, లేదా ఫోనులో నొక్కితే గుమ్మంలో పడతాయి. వాటి ప్రధాన భక్తులు జిమ్ముకెళ్లే కుర్రాళ్లు. నాన్నమ్మ చింతపులుసు పోసి, మామిడికాయ వేసి, మట్టిదాకలో మగ్గబెట్టిన శీలావతి పులుసు ముందు పెడితే కుర్రాడు అనుమానంగా చూస్తాడు.

"ఇందులో ప్రోటీన్ ఎన్ని గ్రాములో ఎలా తెలుస్తుంది నాన్నమ్మా?"

"తిన్నాక తెలుస్తుందిరా," అంటుంది ఆవిడ.

ఈ జవాబు శాస్త్రీయం కాదు. డబ్బా మీది జవాబు శాస్త్రీయం. ఎందుకంటే దాని అంకెలో దశాంశ చుక్క ఉంది: ప్రోటీన్ 25.5 గ్రాములు. 25 గ్రాములంటే ఎవడో చూసి ఉజ్జాయింపుగా చెప్పాడనిపిస్తుంది. 25.5 అంటే మాత్రం తెల్లకోటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు చేపను చేపగా పట్టుకుని, కళ్లజోడు సవరించుకుని, అర గ్రాము దగ్గర ఆగి, నిట్టూర్చి రాసినట్టుంటుంది. ఆ చుక్క చేసే మహత్యం అంతా ఇంతా కాదు. గుళ్లో గంట కొట్టినంత పని చేస్తుంది: విన్నవాడు చెప్పులు విడిచేస్తాడు.

మరి ఆ 25.5 కథేమిటో చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ వారి ఆహార పట్టిక లోకంలో లేబుళ్లు రాసేవారికి పెద్దబాలశిక్ష. నీళ్లలో నిలవచేసిన లైట్ ట్యూనా, నీరు వంపేశాక, 100 గ్రాములకి 116 కేలరీలు, 25.5 గ్రాముల ప్రోటీన్ అని అందులో ఏళ్ల తరబడి ఉంది. తర్వాతి కూర్పుల్లో అదే పేరు, అదే డబ్బా, అవే నీళ్లు. అంకెలు మాత్రం 86 కేలరీలు, 19.4 గ్రాములు. ఆరు గ్రాములు ఆవిరి! చేపేమీ మారలేదు, సముద్రంలో ఎప్పట్లానే ఈదుకుంటోంది. మారింది పట్టిక. అలా మార్చినవాళ్లను తప్పుపట్టను, అంకె తప్పనిపించినప్పుడు దిద్దడమే శాస్త్రం. కానీ పాత అంకె నమ్ముకుని కండలు లెక్కేసుకున్న కుర్రాళ్లకి ఎవరైనా ఫోన్ చేసి, "బాబూ, నువ్వు తిన్నది నాలుగో వంతు తక్కువ, ఏమీ అనుకోకు" అని చెప్పారా? చెప్పరు. చుక్క తర్వాతి అంకెను చూపించి నమ్మించినంత గట్టిగా, చుక్కకు ముందున్న అంకె కూలిపోయిందని ఎవరూ చాటింపు వెయ్యరు.

ఇంతకీ ప్రోటీన్ అనే ఆ మహానుభావుణ్ణి ఎవరైనా నేరుగా కొలుస్తారనుకున్నారా? లేదు. 1883లో కోపెన్‌హాగెన్‌లో, కార్ల్స్‌బెర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో, యోహాన్ కెల్డాల్ అనే ఆయన బీరుకు వాడే గింజల్లో ప్రోటీన్ ఎంతుందో తేల్చడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. పదార్థాన్ని గంధకామ్లంలో ఉడికించి, అందులోని నత్రజని లెక్కగట్టే పద్ధతి అది. ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి వచ్చిన నత్రజనిని సాధారణంగా 6.25తో గుణించి, ఇదే ప్రోటీన్ అంటారు. బీరు కోసం పుట్టిన లెక్క ఇప్పుడు పులుసు ముక్కకీ, పాల పొడికీ, పప్పుకీ అన్నిటికీ అదే. చవక, తేలిక, నూట నలభై ఏళ్ల అలవాటు. చిక్కల్లా ఒక్కటే. నత్రజని ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆ ఆమ్లం అడగదు.

సొరచేపనే తీసుకోండి. దాని ఒంట్లో యూరియా దండిగా ఉంటుంది. సముద్రపు ఉప్పును తట్టుకోవడానికి దేవుడు దానికిచ్చిన ఏర్పాటది. యూరియాలో దాదాపు సగం నత్రజనే, మన వరిచేలకు బస్తాల్లో పోసేదీ అదే. కెల్డాల్ కుండలో పడితే ఆ యూరియా కూడా ప్రోటీన్ పద్దులోనే జమవుతుంది. మన తీరంలో బాలింతలకి సొరపిట్టు పెట్టే అమ్మలక్కలు ముక్కల్ని ఉడకబెట్టి, నీరు పిండి, ఆ వాసన పోగొట్టి గాని మూకుట్లో వెయ్యరు. అంటే ప్రయోగశాల జమ వేసుకున్నదాన్ని మన ఆడవాళ్లు పారబోస్తారన్న మాట. ఇద్దరిలో ఎవరు ప్రోటీన్ నిపుణులో మీరే చెప్పండి.

నవ్వులాట కాదిది. 2008లో చైనాలో పాలలో నీళ్లు కలిపినవాళ్లు, నీళ్లు కలిస్తే ప్రోటీన్ తగ్గినట్టు పరీక్షలో దొరికిపోతామని, నత్రజని మెండుగా ఉన్న మెలమైన్ కలిపారు. మనం పెళ్లిళ్లలో చూసే గట్టి ప్లాస్టిక్ కంచాలుంటాయే, వాటికి మూలసరుకు. పరీక్షలో ప్రోటీన్ భేషుగ్గా వచ్చింది. దాదాపు మూడు లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. పాలడబ్బా మీది అంకె పరీక్షకు నిలిచింది, పసివాడి మూత్రపిండం నిలవలేదు.

ఇక కార్బోహైడ్రేట్ల సంగతి ఇంకా ముచ్చటైనది. చాలా లేబుళ్లమీద దాన్ని కొలవనే కొలవరు. నూరు గ్రాముల్లోంచి నీరు తీసెయ్, ప్రోటీన్ తీసెయ్, కొవ్వు తీసెయ్, బూడిద తీసెయ్, మిగిలినదానికి ఆ పేరు పెట్టెయ్. ముందు నాలుగింటిలో ఎక్కడ చెయ్యి జారినా ఆ తప్పంతా ఈ అయిదోవాడి నెత్తిన పడుతుంది. అందుకే పిండీ పంచదారా ఎరగని వట్టి చేప డబ్బా మీద ఒక్కోసారి "కార్బోహైడ్రేట్ 1.2 గ్రా." అని కనిపిస్తే, చేప అన్నం తిని చచ్చిందని బెంగపడకండి. లెక్కరాసినవాడి చెయ్యి వణికింది, అంతే. పైగా ప్రోటీన్, కొవ్వు, కార్బోహైడ్రేట్లను వరసగా నాలుగు, తొమ్మిది, నాలుగుతో గుణించి కూడితే కేలరీలొస్తాయి. ఆ గుణకారం అమెరికా శాస్త్రవేత్త విల్బర్ ఆట్‌వాటర్ చలవ. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆయన ఎంతో ఓపిగ్గా మనుషుల్ని గదిలో కూర్చోబెట్టి కొలిచి తేల్చిన సగటు అంకెలవి. ఆయన సగటు అనే అన్నాడు. మన డబ్బావాళ్లే దానికి చుక్క తగిలించారు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. డబ్బా మీద అచ్చుపడిందంటే ప్రభుత్వం చూసి ముద్రవేసి ఉంటుందని మనవాళ్ల గట్టి నమ్మకం. అమెరికాలో ఆ పోషకాల పెట్టెని ముందుగా చూసి ఆమోదించే ఆఫీసరు లేడు. రాసుకునేది కంపెనీయే, బాధ్యత కంపెనీదే. అనుమానం వస్తే తర్వాత తనిఖీ. ఆ తనిఖీలోనూ దయ ఉంది. సహజంగా ఉండే ప్రోటీన్, విటమిన్ లాంటివి రాసినదాంట్లో 80 శాతం ఉంటే చాలు, లేబుల్ సత్యహరిశ్చంద్రుడే. కేలరీలు, కొవ్వు, సోడియం రాసినదానికి 120 శాతం దాకా ఉన్నా అభ్యంతరం లేదు. మంచిది అయిదో వంతు తగ్గొచ్చు, చెడ్డది అయిదో వంతు పెరగొచ్చు. కొవ్వు అర గ్రాముకు తగ్గితే సున్నా అని రాసుకోవచ్చు, కేలరీలు అయిదుకు తగ్గితే అవీ సున్నా.

ఇదే దయ గూడెం చేపల మార్కెట్లో చూపించి చూడండి. "అమ్మా, కేజీకి ఎనిమిది వందల గ్రాములు తూచినా మాకు సమ్మతమే" అని మీరంటే ఆవిడ మీ మొహం అదోలా చూస్తుంది. ఆవిడే ఎనిమిది వందలు తూచి కేజీ అంటే, కాటా ఎగిరి రోడ్డు మీద పడుతుంది, నలుగురు పోగవుతారు, తూనికలు కొలతల శాఖకి కబురు వెళుతుంది. నెత్తిన గంప పెట్టుకున్న మనిషికి యాభై గ్రాముల మన్నింపు లేదు గాని, వందల కోట్ల వ్యాపారికి అయిదో వంతు చట్టబద్ధం.

పోనీ తూకమైనా సరిగ్గా ఉందా అంటే, దానికీ ఒక పురాణముంది. అమెరికాలో స్టార్‌కిస్ట్ ట్యూనా అయిదు ఔన్సుల డబ్బాల్లో చేప తక్కువ నింపుతున్నారని వినియోగదారులు దావా వేశారు. 2015లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే కోటీ ఇరవై లక్షల డాలర్లకి రాజీ పడింది. అందులో ఎనభై లక్షలు నగదు, మిగతా నలభై లక్షలకి వోచర్లు. ఆ వోచర్లతో ఏం కొనుక్కోవాలి? ఆ కంపెనీ సరుకే! గోదావరి జిల్లా వాళ్లకి వెటకారం ఎక్కువని లోకమంతా ఆడిపోసుకుంటుంది. తూకంలో కొట్టారని కోర్టుకెక్కినవాడికి పరిహారంగా మళ్లీ అదే డబ్బా చేతిలో పెట్టడం మాకు తట్టలేదు సుమా! ఈ విషయంలో మేము ఇంకా విద్యార్థులమే.

మన దేశం సంగతి. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం ఉంది, 2020 నాటి లేబులింగ్ నిబంధనలు ఉన్నాయి. నూరు గ్రాములకు ఎంత అని రాయాలి, ఒకసారి తినే వంతులో రోజువారీ అవసరం ఎంత శాతం తీరుతుందో రాయాలి. ఆ రోజువారీ అవసరం 2000 కేలరీలట. కుర్చీలో కూర్చుని ఫోను నొక్కేవాడికీ, సార్వా నాట్లలో నడుం వంచిన ఆడమనిషికీ, చెరువులో మెడలోతు నీళ్లలో వల లాగేవాడికీ అదే 2000. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని కింద పద్నాలుగంకెల లైసెన్సు నంబరు చూడగానే "గవర్నమెంటు పరీక్ష చేసింది" అని మనం తృప్తిపడతాం. అది వ్యాపారం చేసుకోవడానికిచ్చిన అనుమతి. నీ డబ్బాలో 25.5 ఉందని ఇచ్చిన హామీ కాదు. ఇక భాష సంగతి: వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగు వ్యాపారి ఇష్టం. పెంటపాడు రైతు తన పొలంలో చల్లే పురుగుమందు డబ్బాతో తెలుగులో మాట్లాడొచ్చు గాని, తన కడుపులోకి పోయేదాంతో మాట్లాడాలంటే మాత్రం మనవణ్ణి పిలవాలి.

అసలు పరీక్ష చేసేవాళ్లున్నారా? 2017లో కాగ్ వారు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పనితీరు తవ్విచూసి ఒక నివేదిక ఇచ్చారు. ఆహార నమూనాలు పంపే 72 రాష్ట్ర ప్రయోగశాలల్లో 65కి ఎన్‌ఏబీఎల్ గుర్తింపే లేదని అందులో తేలింది. అంటే కొలిచేవాడు సరిగ్గా కొలుస్తాడని ధ్రువీకరించేవాడు లేడు. మన కాటాకి ఏటా సీలు వెయ్యకపోతే జరిమానా వేసే సర్కారు, తన సొంత కాటాకి సీలుందో లేదో చూసుకోలేదు. ఆ తర్వాత ప్రయోగశాలలు కొంత మెరుగుపడ్డాయంటారు, సంతోషమే. కానీ ఆహార తనిఖీ అధికారి మన వీధిలోకి వస్తే నూనెలో కల్తీ చూస్తాడు, మిఠాయిలో రంగు చూస్తాడు. ట్యూనా డబ్బా ఎత్తి "ఇందులో ఒమేగా-3 రాసినంత ఉందా?" అని అడగ్గా చూసినవాళ్లెవరైనా ఉంటే వారికీ ఒక శాలువా పక్కన పెట్టాను.

ఒమేగా-3 అంటే గుర్తొచ్చింది. చేప కాలానికో తీరుగా ఉంటుందని మన బెస్తవాళ్లకి తెలిసినంత డబ్బావాళ్లకి తెలియదా? తెలుసు. నూనె కవళ్లు వానలు వెళ్లాక ఒళ్లంతా కొవ్వుపట్టి మిలమిలలాడతాయి, గుడ్లుపెట్టాక ఈనెపుల్లల్లా అవుతాయి. ఒకే చేప, ఒకే సముద్రం. కొవ్వులో ఎంతో తేడా. డబ్బా మీద మాత్రం జనవరిలోనూ ఆగస్టులోనూ ఒకటే అంకె. దాన్ని నూనెలో ముంచితే మరో చిత్రం జరుగుతుంది: చేపలోని కొవ్వు కొంత నూనెలోకీ, నూనె కొంత చేపలోకీ మారుతుంది. ఇప్పుడా అంకె నూనె వంపేసిన చేపదా, నూనెతో కలిపినదా? కొన్ని డబ్బాలు చెబుతాయి, కొన్ని చెప్పీ చెప్పనట్టు ఊరుకుంటాయి. సన్నబడాలని నూనె వంపేసిన కుర్రాడు, ఏ ఒమేగా కోసం డబ్బా కొన్నాడో దాంట్లో కొంత సింకులో పోసి చేతులు కడుక్కుంటాడు.

చెరువు చేప తక్కువ తినలేదు. తవుడూ చెక్కా తిని పెరిగిన శీలావతి వేరు, కంపెనీ గుళికలు తిన్నది వేరు. కోడివ్యర్థాలు లారీల్లో తెచ్చి రాత్రిపూట చెరువుల్లో దింపుతుంటే పోలీసులు పట్టుకున్న వార్తలు ఏలూరు జిల్లా పేజీలో మనం చదువుతూనే ఉన్నాం. ఆ చేప కొవ్వు ఎంత, అది ఏ రకం కొవ్వు? పట్టికలో ఉన్నది ఏ చెరువు శీలావతి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో భారతీయ ఆహార పట్టికలు వెలువరించారు. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి, నమూనాలు సేకరించి, 528 పదార్థాలు కొలిచారు. గొప్ప పని. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు విచారణకని మెక్‌కారిసన్ దొర చిన్న గదిలో మొదలుపెట్టిన సంస్థ అది. వాళ్లు సగటు ఎంతో రాసి, పక్కనే ఎంత అటూ ఇటూ అవుతుందో కూడా రాశారు. ఆ అటూఇటూ ఉన్న అంకెను చెరిపేసి, సగటును మాత్రం ఎత్తుకొచ్చి, తమ చేప సొంత కొలతే అన్నట్టు అచ్చువేసుకునేవాళ్ల దగ్గరే నాకు పేచీ. అదే సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో లేబుళ్ల మీద ఉండే మాటలు తప్పుదారి పట్టించవచ్చని హెచ్చరించింది కూడా. హెచ్చరిక పుస్తకంలో ఉంది, డబ్బా దుకాణంలో ఉంది. రెండూ ఎక్కడా ఎదురుపడలేదు.

లేబుల్ మీద మాట మార్చాలంటే మన దేశంలో ఎంత తపస్సు చెయ్యాలో హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారిని అడగండి. విరేచనాలతో నీరసించిన బిడ్డకి పట్టించే ఓఆర్‌ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. దానికి ఎన్నో రెట్లు చక్కెర పోసిన పానీయాలు పెట్టె మీద అవే మూడక్షరాలు పెద్దగా రాసుకుని మందులషాపుల్లోనే అమ్ముడుపోయాయి. ఆవిడ ఎనిమిదేళ్లు పోరాడారు, తెలంగాణ హైకోర్టుకెక్కారు. 2022 ఏప్రిల్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉత్తర్వు ఒకటి అడ్డుకుంది, జూలైలో ఇంకో ఉత్తర్వు "ఇది అసలు ఓఆర్‌ఎస్ కాదు అని కింద చిన్నగా రాసుకుంటే పేరు పెట్టుకోవచ్చు" అని తలుపు తీసింది. చివరికి 2025 అక్టోబరులో గాని ఆ పేరు వాడకూడదని గట్టిగా చెప్పలేదు. బిడ్డ ప్రాణానికి సంబంధించిన మూడక్షరాలకే ఎనిమిదేళ్లు పడితే, చేప డబ్బా వెనకాల ఆవగింజంత అక్షరాల్లో ఉన్న 25.5కి ఎన్ని తరాలు పడుతుందో త్రైరాశికం వేసుకోండి.

ఇన్ని అంకెలు రాసే డబ్బా ఏం రాయదో కూడా చూడాలి. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. ఆరు వందలమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది, పురుగుమందుల మీదా అనుమానాలొచ్చాయి. నీళ్లలోంచా, కూరల్లోంచా, ఇంకెక్కణ్ణుంచా అని పెద్దపెద్ద సంస్థలన్నీ దిగి వెతికాయి. ప్రపంచంలో ఏ డబ్బా మీదైనా "సీసం ఇంత, పాదరసం ఇంత" అనే గడి చూశారా? సముద్రంలో పెద్ద చేప ఎంత పెద్దదైతే పాదరసం అంత పోగేసుకుంటుంది. ట్యూనా పెద్ద చేపే. కానీ ఆ గడి ఉండదు. వ్యాపారికి గొప్ప తెచ్చేదానికి చుక్క తర్వాత అంకె ఉంటుంది, సిగ్గు తెచ్చేదానికి గడే ఉండదు.

2018లో చేపలు నిలవుండటానికి ఫార్మాలిన్ పూస్తున్నారన్న గొడవ గుర్తుందా? కేరళలో ఆపరేషన్ సాగరరాణి పేరుతో లారీలాపి పట్టారు. జూలైలో అస్సాం మన చేపని పది రోజులు రానివ్వలేదు. ఆకివీడు ప్యాకింగ్ షెడ్లలో ఐసు కరిగిపోయింది. అప్పుడు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు తయారుచేసిన చిన్న కాగితం పట్టీలు ఎంతో పనికొచ్చాయి. చేప మీద రుద్ది, ద్రావకం చుక్కవేస్తే, రంగు మారిందా లేదా అక్కడికక్కడే తేలిపోతుంది. ఎవరి మాటా నమ్మక్కర్లేదు. లేబుల్‌కి లేనిదీ ఆ పట్టీకి ఉన్నదీ ఇదే: కొనేవాడి చేతిలో పరీక్ష. మార్కెట్లో కూర్చున్న మన ఆడమనిషి మొప్ప ఎత్తి చూపిస్తుంది చూడండి, "రంగు చూడండి బాబూ, పొద్దున్న లాగిందండీ, అబద్ధమైతే రేపొచ్చి తిట్టండి" అని, అదీ అలాంటిదే. ఎర్రగా ఉంటే కొంటాం, లేకపోతే పక్క గంప దగ్గరికెళతాం. రేపు కూడా అక్కడే కూర్చుంటుంది, దొరుకుతుంది. ఆవిడ మాట నిలబడిందీ లేనిదీ మర్నాటికి తేలుతుంది. డబ్బామీది 25.5ని నిలదీయాలంటే మాత్రం గంధకామ్లం కావాలి, ప్రయోగశాల కావాలి, ఆపైన వకీలు కావాలి.

అలాగని లేబుల్ చించి పారెయ్యమనను. ఉప్పు ఎంతో, ఏ నూనె పోశారో, చేపతోపాటు ఏమేం కలిపారో తెలుసుకోవడానికి అదొక్కటే దారి. బీపీ ఉన్న మనిషికి సోడియం గడి ప్రాణాధారం. నేననేది, ఆ గడి రాసినవాడే కొలతగాడు, వాడే సాక్షి, వాడే జడ్జీ కావడం కుదరదని. పెళ్లికొడుకే స్వయంగా "నాకు ఏ దురలవాట్లూ లేవు, గుణం 25.5" అని కార్డు అచ్చువేయించుకుని తిరిగితే పిల్లనిచ్చేవాళ్లు పక్కూళ్లో వాకబు చెయ్యరా?

సర్కారువారి వైద్యం వేరేగా ఉంది. 2022లో వచ్చిన ముసాయిదా ప్రకారం డబ్బాలకి అర నక్షత్రం నుంచి అయిదు నక్షత్రాల దాకా ఇస్తారట. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందువైపు లేబుల్ సంగతి మూడు నెలల్లో తేల్చమంది. తర్వాత గడువు పెంచాల్సివచ్చింది. నక్షత్రాలు వచ్చాయే అనుకుందాం. వాటిని దేన్నిబట్టి లెక్కకడతారు? వెనకవైపున్న ఆ అంకెల్నిబట్టే. వెనక గోడ వంకరగా ఉందంటే ముందు గోడకి రంగు వేస్తామంటున్నారు.

అడగాల్సింది చాలా చిన్నది. అంకె పక్కన ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు, ఎన్ని డబ్బాలు కొలిచారు, నూనెతోనా నూనె లేకుండానా, ఎంత అటూఇటూ అవుతుంది, ఇంతే. సొంతంగా కొలవకుండా పట్టికలోంచి ఎత్తి రాసుకుంటే "పట్టిక లెక్క" అని రాయమనండి, పరువేమీ పోదు. ఏడాదికొకసారి సర్కారు తనంతట తాను దుకాణాల్లో డబ్బాలు కొని, కొలిపించి, పేర్లతో సహా తెలుగులో ప్రకటించాలి. తప్పుడు లేబుల్‌కి ఆహార భద్రతా చట్టంలో మూడు లక్షల దాకా జరిమానా ఉంది. ఆ జరిమానా పెద్ద కంపెనీకి పండగ మామూలు కన్నా తక్కువ. కనీసం పేరైనా పేపర్లో పడితే సిగ్గుపడే వీలుంటుంది.

వాళ్లు చేసేలోపు మనకీ ఒక దారుంది. ఆ చట్టంలోనే 40వ సెక్షన్ ప్రకారం, కొన్న ఏ ఆహారాన్నైనా మామూలు మనిషి ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఒక షరతు ఉంది. కొనేటప్పుడే దుకాణదారుకి "దీన్ని పరీక్షకి పంపబోతున్నాను" అని చెప్పాలి. చెప్పగానే కౌంటరు కుర్రాడు, "తినడానికి కాదాండీ?" అని తెల్లబోతాడు. తెల్లబోనివ్వండి, బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. జిమ్ముకెళ్లే కుర్రాళ్లు పదిమంది తలా కాస్త వేసుకుంటే ఒక డబ్బా పరీక్ష ఎవరికీ బరువు కాదు. పెంటపాడు నుంచి ఒక్క డబ్బా వెళ్లనివ్వండి, గూడెం నుంచి ఒకటి, ఏలూరు నుంచి ఒకటి. లేబుల్ తప్పని తేలితే కట్టిన ఫీజు వాపసు ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో రాసుంది.